నల్ల పెట్టె సర్దిన నాలుగు రోజులు

నిన్న రాత్రే దుగ్గిరాల నుంచి ఇంటికొచ్చాం. చినకాకాని పొలాల దుమ్ము ఇంకా చెప్పుల్ని వదల్లేదు. మర్చిపోకముందే రాసి పెట్టుకోవాలని కూర్చున్నాం.

దుగ్గిరాల కుర్రాడొకడు అగ్నివీర్‌గా, అంటే సైన్యంలో నాలుగేళ్ల సిపాయిగా ఎంపికయ్యాడు. వచ్చే వారం హైదరాబాద్ గోల్కొండలో ఉన్న ఆర్టిలరీ (ఫిరంగి దళం) శిక్షణ సెంటర్‌లో రిపోర్ట్ చెయ్యాలి. అక్కడ రోజు ఎట్లా గడుస్తుందో ముందుగా ఇక్కడే, మన గుంటూరు, బెజవాడ వీధుల్లోనే చేయించి పంపాలని ఈ తిరుగుడు పెట్టుకున్నాం. చేయించేవాళ్లు ఇద్దరు. ఒకరు రిక్రూట్లకి ఏళ్ల తరబడి డ్రిల్ నేర్పి రిటైరైన హవల్దారుగారు. రెండోవాడు పెదనందిపాడు అబ్బాయి. అదే సెంటర్‌లో 31 వారాల శిక్షణ పూర్తి చేశాడు, ప్రమాణం చేయించే కసమ్ పరేడ్ అయింది, యూనిట్‌కి వెళ్లేముందు సెలవు మీద వచ్చాడు. ఆ 31 వారాల్లో మొదటి 10 వారాలు బేసిక్. పీటీ, డ్రిల్, చిన్న ఆయుధాలు అప్పుడే నేర్పుతారు. మిగిలిన 21 వారాలు అడ్వాన్స్‌డ్. గన్నర్, రేడియో ఆపరేటర్, డ్రైవర్, ఇట్లా ఎవరి ట్రేడు వాళ్లకి.

గుంటూరు చుట్టుపక్కల ఏ గ్రౌండ్‌కి వెళ్లినా కుర్రాళ్లు 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో కొట్టాలని చూస్తుంటారు. కొడితే 60 మార్కులు. పుల్‌అప్స్ 10 తీస్తే ఇంకో 40. ఎంపిక కావాలంటే పరుగు కావాల్సిందే. కాకపోతే అది ఒక్క పొద్దుటి పని. సెంటర్‌లో కుర్రాణ్ణి వెనక్కి లాగేది ఊపిరి కాదు. మడమ మీద బొబ్బ, ఆలస్యమైన రెండు నిమిషాలు, అర్థం కాని ఒక హిందీ మాట. వీటి గురించి గ్రౌండ్లో ఎవరూ చెప్పరు.

శనివారం, గుంటూరు: పట్నం బజారు

మృగశిర వచ్చింది గానీ ఎండ దిగలేదు. పట్నం బజారు అంటే షేర్ ఆటో అతను జిన్నా టవర్ దగ్గరే దింపేసి, ముందుకెళ్తే ఇరుక్కుపోతానన్నాడు. అక్కణ్ణుంచి ట్రంకు పెట్టెల కొట్టు కోసం నడిచాం. ఒకాయన ఎడమకి అన్నాడు, ఇంకొకాయన వెనక్కి అన్నాడు. స్టీలు సామాన్ల వీధిలో రెండుసార్లు తిరిగితే గానీ కొట్టు కనిపించలేదు.

నల్ల రంగు వేసిన రేకు పెట్టె 1,450 చెప్పాడు. హవల్దారుగారు పెట్టెని తిరగేసి మూల అతుకుల మీద గోటితో తట్టారు, మూత మూసి రెండు పక్కలా ఊపారు. రిక్రూట్ పెట్టెలో మొదట పోయేది కొండీ, తర్వాత మూత బందు. కొండీకి రివిట్లు రెండుంటే చాలదు, నాలుగుండాలి. నాలుగున్నది తీయించి 1,300కి బేరం తెగ్గొట్టారు. మూత మీద పేరు రాయించమంటారా అని కొట్టతను బ్రష్షు తీశాడు. వద్దన్నారు. ఆర్మీ నంబరు ఇచ్చేది అక్కడికి వెళ్లాకే. ఎక్కడ, ఎంత సైజులో, ఏ వరుసలో రాయాలో కూడా అక్కడే చెబుతారు. ఇక్కడ తెల్ల రంగుతో పేరు రాయించుకెళ్తే దాన్ని గీకడంతోనే మొదటి ఆదివారం గడిచిపోతుంది.

కొనాల్సినవి చాలా తక్కువ. యూనిఫారం, బూట్లు, పీటీ బట్టలు, దుప్పటి, దోమతెర, మెస్ టిన్ అన్నీ సెంటర్‌లో ఇస్తారు. మిలటరీ సామాన్లని బోర్డు పెట్టిన కొట్లో బూటు చూపించి 1,800 అన్నారు. కుర్రాడు చెయ్యి చాపాడు. పెదనందిపాడు అబ్బాయి ఆ చేతిని పట్టుకుని వెనక్కి లాగాడు. అక్కడ అందరూ ఒకే రకం బూటు వేసుకోవాలి, బయట కొన్నది పెట్టెలోనే ఉండిపోతుంది. మేం కొన్నవి ఇవి: తెల్ల కాటన్ బనియన్లు 6, డ్రాయర్లు 6, నల్ల సాక్సులు 6 జతలు, పల్చటి తువ్వాళ్లు 2, హవాయి చెప్పులు, గోళ్ల కత్తెర, షేవింగ్ సామాను, పాలిష్ బ్రష్షులు 2 (ఒకటి రాయడానికి, ఒకటి తుడవడానికి, రెండూ కలిపేస్తే మెరుపు రాదు), రెండు తాళం చెవులున్న తాళం, నలుపు, తెలుపు, ఖాకీ దారాలతో సూదుల డబ్బా. పెట్టె కాకుండా 2,160 అయింది.

సూదుల డబ్బా దేనికని కుర్రాడు అడిగాడు.

“బొత్తాం ఊడితే మీ అమ్మ వస్తదా రా అబ్బాయ్?” అన్నారు హవల్దారుగారు. కొట్టు గట్టు మీదే కూర్చోబెట్టి బొత్తాం కుట్టించారు. నాలుగు కన్నాల బొత్తానికి దారం రెండు పేటలు, కన్నానికి నాలుగు సార్లు, చివర బొత్తాం కింద మూడు చుట్లు చుట్టి ముడి. ఆ చుట్లు లేకపోతే బొత్తాం గుడ్డకి అంటుకుపోతుంది, పెట్టేటప్పుడు లాగితే తెగుతుంది. ఇన్‌స్పెక్షన్ పొద్దున తెగితే అప్పుడు కుట్టుకునే తీరిక ఉండదు.

అరండల్‌పేటలో జిరాక్స్, ఫొటోల పని రెండు గంటలు పట్టింది. పాస్‌పోర్ట్ ఫొటోలు 20 ఉండాలి, అన్నీ ఒకేసారి తీసినవే. పదో తరగతి మార్కుల మెమో, ఇంటర్ మెమో, టీసీ, నేటివిటీ, కులం సర్టిఫికెట్, పెళ్లి కాలేదని, నడవడి మంచిదని ఇచ్చిన కాగితాలు, ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం. అసలు ఒక కవర్లో, నకళ్లు మూడేసి ఇంకో కవర్లో సర్దాం. ఇక్కడే చిక్కొచ్చింది. మెమోలో తండ్రి పేరు ‘వెంకటేశ్వర్లు’, ఆధార్‌లో ‘వెంకటేశ్వరరావు’. మన జిల్లాల్లో ప్రతి రెండో ఇంట్లో ఉండే తిరకాసే. ఊళ్లో ఇద్దరూ ఒకరేనని అందరికీ తెలుసు, రికార్డుకి తెలీదు. సర్వీసు కాగితాల్లో తప్పు పేరు పడితే రేపు ఇన్సూరెన్స్‌కి, నామినీకి, అన్నిటికీ అడ్డం తిరుగుతుంది. పది మెమోలో ఉన్నదే ఖాయం చేసుకుని ఆధార్ మార్పించడం మేలు. సెంటర్‌కి వెళ్లే ముందే కావాలి, తర్వాత ఆ పనికి సెలవు దొరకదు. ఆధార్ సెంటర్‌లో దరఖాస్తు పెట్టి రసీదు తీసుకున్నాం.

సాయంత్రం బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తిన్నాం, వాము కూరి, ఉల్లిపాయ, నిమ్మకాయ పిండినవి. ఒక్కొక్కరికి 40. గోలీసోడా 20. పెదనందిపాడు అబ్బాయి అయిదు బజ్జీలు మాటా పలుకూ లేకుండా తిన్నాడు. లంగర్లో (సెంటర్ మెస్‌లో) అన్నం పెడతారు, పప్పు పెడతారు, కడుపు మాడ్చరు. అయితే కారం మన కారం కాదు. రాత్రి పూట ఎక్కువగా చపాతీ. ఇప్పట్నుంచే రాత్రిళ్లు చపాతీ తిని పడుకోమని కుర్రాడికి చెప్పాడు. మొదటి వారంలో తిండి సగం వదిలేసేవాళ్లే రెండో వారంలో పీటీలో కళ్లు తిరిగి పడతారట.

ఆదివారం, గుంటూరు: స్టేడియం

లాడ్జి గదిలో 4 గంటలకి హవల్దారుగారు లైటు వేశారు. సెంటర్‌ని బట్టి, కాలాన్ని బట్టి వేళ అరగంట అటూ ఇటూ అవుతుంది గానీ క్రమం మారదు. లేవడం, మంచం సర్దడం, గడ్డం, కాలకృత్యాలు, మగ్గు టీ, ఫాలిన్ (వరసలో నిలబడటం), పీటీ. ఈ మొత్తానికీ దొరికేది గంట, గంటంబావు. బ్యారక్‌లో అంతమందికీ ఉన్న కుళాయిలు కొన్నే. అందుకే గడ్డం రాత్రే గీసుకుని పడుకునేవాళ్లుంటారు, పొద్దున చెయ్యి పెట్టి చూస్తే గరుకు తగిలి దొరికిపోతారు. పెదనందిపాడు అబ్బాయి చేసిన ఏర్పాటు వేరు. విజిల్‌కి పది నిమిషాల ముందే లేచి, చీకట్లోనే గడ్డం పని ముగించి, అందరూ కుళాయి దగ్గర మూగే వేళకి వచ్చి మంచం సర్దుకునేవాడు. ఆ పది నిమిషాల నిద్ర పోతే పోయింది, రోజంతా తొక్కిసలాట తప్పింది.

దుప్పటి మడత నేర్పారు. పొడవులో మూడు మడతలు, అడ్డంగా మళ్లీ మూడు, అంచులు గోడ వైపు, మడత ముఖం నడవ వైపు. గీత పెట్టినట్టుండాలి. మొదటిసారి కుర్రాడికి నాలుగు నిమిషాలు పట్టింది, ఏడోసారికి ఒకటిన్నర.

బ్రహ్మానందరెడ్డి స్టేడియానికి చేరేసరికి వాకర్లు అప్పుడే వస్తున్నారు. కుర్రాడు బాగా పరిగెత్తుతాడు. 400 మీటర్ల రౌండ్లు నాలుగు, ఒక్కోటి 82 సెకన్లలో పెడితే 5:30 లోపు వచ్చేస్తుంది. ఆ లెక్క వాడికి కాళ్లలోనే ఉంది. హవల్దారుగారు దాన్ని పట్టించుకోలేదు. మర్నాడు మళ్లీ, ఆ మర్నాడు మళ్లీ పరిగెత్తే కాళ్లున్నాయా అని చూశారు. ముంగాలు ఎముక మీద పైనుంచి కిందకి బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చారు. పొడుగునా సలిపితే అది కండరం పట్టేసిన నొప్పి, విశ్రాంతితో, మంచుతో పోతుంది. ఒక్క చోటే, రూపాయి బిళ్ళంత మేర, నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి, పడుకున్నా తగ్గకపోతే ఎముకలో చీలిక మొదలైందేమోనని అనుమానించాలి. సిమెంటు రోడ్డు మీద రోజూ పరిగెత్తి, ఉన్నట్టుండి బరువు బూట్లలోకి, డ్రిల్ స్క్వేర్ మీదికి వెళ్లినవాళ్లకి ఇది వస్తుంది. ఈ వారం రోజులూ మట్టి మీదే పరిగెత్తమన్నారు.

ఇంకో మాట ఆయన రెండుసార్లు చెప్పారు. నొప్పి వస్తే మర్నాడు పొద్దున సిక్ రిపోర్ట్‌లో పేరు రాయించుకుని డాక్టరు చూసే ఎమ్‌ఐ రూమ్‌కి వెళ్లాలి. కుర్రాళ్లు వెళ్లరు. శిక్షణ రోజులు పోతే రెలిగేట్ చేస్తారని, అంటే వెనక బ్యాచ్‌లో కలుపుతారని భయం. నాలుగు రోజుల విశ్రాంతికి భయపడి దాచుకుంటారు, చీలిక కాస్తా విరిగిపోయాక నెలల తరబడి మంచం మీద ఉంటారు. అప్పుడు వెనక బ్యాచ్ ఎట్లాగూ తప్పదు. మా లెక్కలో ఈ యాత్ర మొత్తానికి అన్నిటికంటే విలువైన సలహా ఇదే.

తర్వాత డ్రిల్. గ్యాలరీ పక్కన సుద్దతో గీతలు గీశారు. సావధాన్ అంటే మడమలు కలిసి, పాదాల మధ్య 30 డిగ్రీలు. విశ్రామ్ అంటే ఎడమ కాలు 12 అంగుళాలు పక్కకి, వెనక కుడి చెయ్యి ఎడమ చేతి మీద. తేజ్ చల్‌లో అడుగు 30 అంగుళాలు, నిమిషానికి 120 అడుగులు. ఆజ్ఞ రెండు ముక్కలుగా వస్తుంది. ‘తేజ్’ అన్నప్పుడు ఏం చెయ్యాలో తెలుస్తుంది, ‘చల్’ అన్నప్పుడే కదలాలి. మన కుర్రాడు ‘తేజ్’ అనగానే కదిలాడు. ‘దాహినే’ (కుడికి) అంటే పక్కవాణ్ణి చూసి తిరిగేవాడు, పక్కన ఎవరూ లేకపోయేసరికి నిలబడిపోయాడు. సగం మంది తెలుగు కుర్రాళ్లు మొదటి నెలలో ఇట్లాగే తెలివితక్కువవాళ్లలా కనిపిస్తారని, నిజానికి వాళ్లకి కాలు తెలుసు, మాటే తెలీదని పెదనందిపాడు అబ్బాయి అన్నాడు. దాహినే, బాయే (ఎడమ), పీఛే (వెనక), ఆగే (ముందు), ఊపర్ (పైన), నీచే (కింద), జల్దీ (త్వరగా), థమ్ (ఆగు), ఒకటి నుంచి వంద దాకా అంకెలు. ఇవి వస్తే పదిహేను రోజుల తిట్లు తప్పుతాయి. అంకెలు మరీ ముఖ్యం. ఫాలిన్‌లో వరసగా గిన్తీ (లెక్క) చెప్పేటప్పుడు ‘ఉన్తీస్’ (29) దగ్గర, ‘ఉన్‌తాలీస్’ (39) దగ్గర ఆగిపోతే వరసంతా మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టాలి. అందరి చూపూ నీ మీదే ఉంటుంది.

కొత్తవాడు బిగుసుకుపోతే కుడి చెయ్యీ కుడి కాలూ ఒకేసారి ముందుకొస్తాయి. సరిచెయ్యాలని చూస్తే ఇంకా చెడుతుంది. దానికి మందు, భుజాలు వదులు చేసి, మామూలుగా బజారుకి నడిచినట్టు పది అడుగులు వేసి, ఆ నడకలోనే మెల్లగా పిడికిలి బిగించడం. మూడో ప్రయత్నంలో కుదిరింది. వాకింగ్‌కి వచ్చిన పెద్దాయనొకడు ఆగి చూసి, ఆయనా పాత సిపాయేనేమో, మడమలు కలిపి నిలబడి హవల్దారుగారికి ‘జైహింద్’ చెప్పి వెళ్లాడు.

శిక్ష కూడా నేర్పాలన్నారు. రగ్డా అంటే ఎక్కువగా ఫ్రంట్ రోల్, కప్ప గంతులు, పరుగు. ఫ్రంట్ రోల్‌లో మెడ పట్టేసేది తల నడినెత్తి నేలకి ఆనించినప్పుడు. గడ్డం ఛాతీకి అంటించి, అరచేతులు ముందు ఆనించి, భుజం మీదుగా దొర్లాలి. నెత్తి నేలకి తగలకూడదు. గడ్డిలో పది చేయించారు.

టిఫిన్‌కి బ్రాడీపేట వెళ్లాం. ఇడ్లీ, అల్లం పచ్చడి, పెసరట్టు, నలుగురికి 310. గడియారం బల్ల మీద పెట్టి పది నిమిషాల్లో తినమన్నారు. కుర్రాడు గబగబా మింగి ఎక్కిళ్లు తెచ్చుకున్నాడు. వేగంగా నమలాలి గానీ మింగకూడదు, నీళ్లు తిన్నాకే. సర్వర్ వచ్చి “మెల్లగా తినండి బాబూ, ఎవరూ తరమట్లేదు” అన్నాడు.

సెంటర్‌లో ఆదివారం వేరే రకం. మందిర్ పరేడ్, కటింగ్, బట్టలుతకడం, బూటు పాలిష్, ఇంటికి ఫోను. ఫోను ఎప్పుడూ చేతిలో ఉండదు, ఇచ్చినప్పుడే. అందుకని ఇంట్లోవాళ్ల నంబర్లు మూడు కంఠతా రావాలి. కుర్రాడికి వాళ్లమ్మ నంబరు రాదు. లాడ్జికి నడిచి వచ్చేలోపు వచ్చింది.

సోమవారం, కాజ నుంచి మంగళగిరి

కాజ టోల్‌గేటు దగ్గర బస్సు దిగేసరికి 5:40. మంగళగిరి దాకా సుమారు ఆరు కిలోమీటర్లు బరువుతో నడవాలి. పిట్టూ (సిపాయి వీపు సంచి) బదులు కాలేజీ బ్యాగు, అందులో బియ్యం, నీళ్ల సీసాలు కలిపి 10 కిలోలు. మొదట బరువంతా బ్యాగు అడుగున వేశాడు. నాలుగొందల మీటర్లకే నడుం వెనక్కి లాగి, మెడ ముందుకు సాగింది. ఆపి మళ్లీ సర్దించారు. బరువైనది పైన, వీపుకి ఆనుకుని ఉండాలి. మెత్తటివి కింద, బయటి వైపు. పట్టీలు చంక కింద రెండు వేళ్లు దూరేంత బిగువు. అదే 10 కిలోలు, సగమైనట్టుందన్నాడు.

హైవే సర్వీస్ రోడ్డు మీద లారీల పొగ ఎక్కువగా ఉందని చినకాకాని దగ్గర లోపలి దారి పట్టాం. అది పొలాల్లోకి తీసుకెళ్లి కాలువ దగ్గర ఆగింది. రెండు కిలోమీటర్లు అదనం. కాలువ గట్టున గడ్డి కోస్తున్న ఒకావిడ బ్యాగులు, నడక తీరు చూసి “పోలీసు సెలక్షనా నాయనా?” అని అడిగింది. మిలటరీ అని చెప్పగానే కొడవలి పక్కన పెట్టి, ఇంటికి తీసుకెళ్లి చెంబుడు మజ్జిగ ఇచ్చింది, ఉప్పు కాస్త ఎక్కువగా వేసి. డబ్బు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఆ ఉప్పు మజ్జిగే ఆ పూటకి సరైన మందు. ఎండలో వట్టి నీళ్లే తాగుతూ పోతే చెమటతో పోయిన ఉప్పు తిరిగి రాదు. ఓఆర్ఎస్ లీటరు ప్యాకెట్ అయితే సరిగ్గా లీటరు నీళ్లు, గ్లాసులో కలపకూడదు.

ఎండకి ఒళ్లు అలవాటు పడటానికి పది, పదిహేను రోజులు పడుతుంది. ఏసీ గదిలో చదువుకుని నేరుగా వెళ్లినవాడికి మొదటి వారమే ప్రమాదం. తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, మాట తడబడటం, ఇవి కనిపిస్తే వరసలోంచి బయటికొచ్చి ఉస్తాద్‌కి చెప్పాలి. పక్కవాడికి కనిపిస్తే పక్కవాడు చెప్పాలి, ఎందుకంటే ఎండదెబ్బ తగిలినవాడికి ఆ సంగతి తెలీదు. నీడకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోసి గాలి విసరాలి.

మంగళగిరి చేరేసరికి 8 దాటింది. పానకాలస్వామి కొండ మెట్ల కింద బూట్లు విప్పించి పాదాలు చూశారు. ఎడమ మడమ మీద ఎర్రటి మచ్చ. అది బొబ్బకి ముందు దశ, అక్కడే టేపు అంటిస్తే ఆగిపోతుంది. సాక్సు తిరగేసి చూస్తే కుట్టు సరిగ్గా అక్కడే ఉంది. తిరగేసి తొడిగితే కుట్టు బయటికి పోతుంది. పాదాలు కడిగాక వేళ్ల సందుల్లో తుడిచి ఆరబెట్టి పౌడరు చల్లాలి, గోళ్లు మూలలు గుండ్రం చెయ్యకుండా సూటిగా కత్తిరించాలి. బొబ్బ లేచాక తోలు పీకకూడదు. కాల్చి చల్లార్చిన సూదితో అంచున చిన్న కన్నం, నీరు ఒత్తి, అదే తోలు మీద ప్లాస్టరు.

కొండ మీదికి చెప్పుల్లేకుండానే ఎక్కాలి. మడమకి టేపుతో మెట్లెక్కాడు. స్వామి నోట్లో పానకం పోస్తే సగం తాగి సగం వదిలేస్తాడని నమ్మకం, ఆ మిగిలిన సగం మనకి ప్రసాదం. బెల్లం, మిరియాలు, యాలకులు. ఎనిమిది కిలోమీటర్ల నడక తర్వాత ఆ పానకం గొంతులోకి దిగుతుంటే నలుగురం నోరెత్తలేదు. దిగేటప్పటికి రాళ్లు కాలిపోతున్నాయి. నీడ పడిన అంచునే దిగాం.

మధ్యాహ్నం హవల్దారుగారి స్నేహితుడింట్లో, మగ్గం గది పక్క వసారాలో, తుపాకీ పాఠం. తుపాకీ లేదు, మగ్గానికి వాడే కర్ర ఉంది. సెంటర్‌లో చేతికిచ్చే ఇన్సాస్ రైఫిల్ కాలిబర్ 5.56, మ్యాగజైన్‌కి 20 రౌండ్లు, నాలుగు కిలోల పైచిలుకు బరువు. చేతికొచ్చిన ప్రతిసారీ మొదట చేసేది ఒకటే: నోరు సురక్షిత దిక్కుకి పెట్టి, మ్యాగజైన్ తీసి, కాక్ చేసి, చాంబర్ ఖాళీ అని కంటితో చూడటం. ఇందాకే చూశాం కదా అన్న మాట అక్కడ చెల్లదు. ఖోల్నా, జోడ్నాలో (తుపాకీ విప్పడం, కలపడంలో) భాగాలు తీసిన వరసలోనే ఎడమ నుంచి కుడికి పరిస్తే, తిరిగి జోడించేటప్పుడు కుడి నుంచి ఎడమకి చెయ్యి తనంతట అదే పోతుంది. గుడ్డ మీద కుప్ప పోస్తే ఏదో ఒక ముక్క మిగులుతుంది.

కర్ర చివర రూపాయి బిళ్ళ పెట్టి, బోర్లా పడుకుని ట్రిగర్ నొక్కినట్టు వేలు లాగమన్నారు. బిళ్ళ పడింది. వేలి మొదటి కణుపు మెత్తతో, నిమ్మకాయ పిండినట్టు మెల్లగా లాగాలి. చటుక్కున లాగితే గుండు పక్కకి పోతుంది. ఊపిరి సగం వదిలి ఆపి, ఆ ఆగిన రెండు మూడు సెకన్లలో నొక్కాలి. 25 మీటర్ల దగ్గర 5 రౌండ్లు ఒకేచోట గుంపుగా పడటమే మొదటి పరీక్ష, దాన్ని గ్రూపింగ్ అంటారు. గుంపు నడిమధ్యలో లేకపోయినా పర్లేదు, శిస్త్ (గురి) సరిచేయొచ్చు. చెల్లాచెదురుగా పడితే తప్పు తుపాకీది కాదు. ఎడమ కన్ను ఒక్కటే మూయడం కుర్రాడికి రాదు. రోజూ పొద్దున అద్దం ముందు యాభై సార్లు చెయ్యమన్నారు. వేలు లాగడం నలభయ్యో సారికి కర్ర మీద బిళ్ళ నిలబడింది. మగ్గం మీదున్న పెద్దావిడ నేత ఆపి చూసి “నూలు అతికేటప్పుడు మేమూ ఊపిరి ఆపుతాం” అంది.

మంగళవారం, విజయవాడ

ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు. 30 అంగుళాల అడుగుతో 1,605 అడుగులు, నిమిషానికి 120 వేస్తే 13 నిమిషాల 23 సెకన్లు. రాత్రే కాగితం మీద లెక్క కట్టి పెట్టుకున్నాం. పొద్దున్నే సీతానగరం వైపు నుంచి మొదలుపెట్టాం. కృష్ణ మీద గాలి చల్లగా ఉంది, ఇంద్రకీలాద్రి మీద దీపాలు ఇంకా ఆర్పలేదు. కుర్రాడికి 1,740 అడుగులు పట్టాయి, అంటే అడుగు 28 అంగుళాల లోపే. తిరుగు ప్రయాణంలో 1,650. పొట్టివాళ్లు అడుగు సాగదీయాలని మోకాలు బిగిస్తారు, దాంతో నడుం నొప్పి. సాగాల్సింది తుంటి దగ్గర. పెదనందిపాడు అబ్బాయి పక్కనే నడుస్తూ తను ఒక్కసారి కూడా లెక్క పెట్టలేదు, మేం లెక్కపెడితే రెండుసార్లూ 1,600 దగ్గరే ఆగాడు.

గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తిన్నాం. ఈసారి ఎనిమిది నిమిషాలు, ఎక్కిళ్లు రాలేదు. అక్కణ్ణుంచి వన్‌టౌన్ కాళేశ్వరరావు మార్కెట్‌కి వెళ్లి శనివారం మర్చిపోయినవి కొన్నాం: నల్ల పాలిష్ డబ్బాలు 2, పాత కాటన్ గుడ్డ, బెల్టు బకిల్‌కి బ్రాసో (ఇత్తడి పాలిష్). గుడ్డ కొత్తది పనికిరాదు, నూగు బూటు మీద అంటుకుంటుంది. మార్కెట్లో ఒక కొట్టతను పాత లుంగీ గుడ్డ ఊరికే చింపి ఇచ్చాడు.

దుర్గా ఘాట్ మెట్ల మీద కూర్చుని పెదనందిపాడు అబ్బాయి బూట్లతో పాలిష్ నేర్పారు. బ్రష్షుతో దుమ్ము పూర్తిగా దులిపాకే మొదలు. గుడ్డ వేలికి బిగించి చుట్టి, పాలిష్ పల్చగా రాసి, అయిదు నిమిషాలు ఆరనిచ్చి, రెండో బ్రష్షుతో తుడవాలి. తర్వాత ముక్కు భాగం మీద ఒక్క చుక్క నీళ్లు, రవ్వంత పాలిష్, చిన్న చిన్న సున్నాలు చుట్టడం. ఎక్కువ పాలిష్ పెడితే తెల్లారి పెచ్చులూడుతుంది, నీళ్లు ఎక్కువైతే మబ్బు పడుతుంది. ఇరవై నిమిషాలకి బూటు ముక్కులో బ్యారేజీ గేట్లు కనిపించాయి.

జీతం మాట అక్కడే వచ్చింది. మొదటి ఏడాది నెలకి 30,000, అందులో 9,000 నాలుగేళ్ల చివర ఇచ్చే సేవా నిధికి పోయి చేతికి 21,000. శిక్షణలో ఖర్చు తక్కువ. సబ్బు, పాలిష్, కటింగ్, క్యాంటీన్లో ఏదన్నా. మొదటి జీతం పడగానే వాయిదాల మీద ఫోను తీసుకున్నవాళ్లు బ్యారక్‌లో చాలామందేనట. నాలుగేళ్ల తర్వాత నూటికి 25 మందికి మించి కొనసాగించరు కాబట్టి ప్రతి నెలా సగం అమ్మ ఖాతాకి వేసి, మిగిలినదాంట్లోంచి చదువుకి కట్టమని పెదనందిపాడు అబ్బాయి గట్టిగా చెప్పాడు. వాడు డిగ్రీకి దూరవిద్యలో చేరాడు.

సాయంత్రం దుగ్గిరాల. కుర్రాడి వాళ్లమ్మ గాజు సీసా నిండా గోంగూర పచ్చడి పెట్టి సిద్ధంగా ఉంది. హవల్దారుగారు సీసా వంక చూసి, “అమ్మా, పచ్చడి వద్దనను. గాజు వద్దు, నూనె వద్దు” అన్నారు. సీసా పగిలితే నూనె పడేది మెమోలు, ఫొటోల మీదే. పైగా బ్యారక్‌లో ఎంత పెద్ద సీసా అయినా రెండు పూటలు. కారప్పొడి అయితే నలుగురికి పంచినా నెల వస్తుంది. ఆవిడ మాట్లాడకుండా లోపలికెళ్లి, కందిపొడి, కరివేపాకు కారం రెండు స్టీలు డబ్బాల్లో నింపి, మూతల చుట్టూ గుడ్డ కట్టి తెచ్చింది.

పెట్టె సర్దడం పెదనందిపాడు అబ్బాయి చేయించాడు. కాగితాలు మూత వైపు, బట్టలు చుట్టలు చుట్టి మధ్యలో, డబ్బాలు మూలల్లో. తాళం చెవి ఒకటి మెళ్లో తాడుకి, రెండోది బూటు లోపల కాదు, పర్సులో. పసుపు బస్తాలు తూచే కాంటా పక్కింట్లో ఉంటే దాని మీద పెట్టాం. పదహారు కిలోలు తూగింది. పన్నెండు దాటితే రైల్వే స్టేషన్ నుంచి చేత్తో మోసుకెళ్లడం కష్టమని బట్టలు మూడు జతలు, ఒక దుప్పటి, వాళ్ల నాన్న పెట్టిన రెండు లావు పుస్తకాలు తీశారు. మళ్లీ తూస్తే పన్నెండున్నర. ఇంకో అరకిలో ఏం తీయాలా అని నలుగురం పెట్టెలోకి చూశాం. కారప్పొడి డబ్బాల మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. కుర్రాడే ఒక తువ్వాలు, రెండు బనియన్లు తీసి మంచం మీద పెట్టి, మూత మూసి కొండీ వేశాడు.